ఏటికి రెండు దరులు, ఊరికి నాలుగు హద్దులు

హుజూర్‌నగర్ చరిత్ర రాయమంటే చాలామంది నిజాం కాలం నాటి తాలూకా కచేరీ నుంచి మొదలుపెడతారు. నేను హద్దుల నుంచి మొదలుపెడతాను. దస్తావేజులు రాయడం నా వృత్తి. మా నాయనదీ అదే. భూమి అమ్మినా, అన్నదమ్ములు పంచుకున్నా, ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద రాసిచ్చినా కాగితం చివర తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం రాయనిదే పని పూర్తి కాదు. ఫలానా వారి చెలక, బండ్ల బాట, వాగు, గుట్ట, చెరువు కట్ట. అట్లా రాసీ రాసీ నాకు ఒకటి బోధపడింది. పాలించేవాళ్ల కాగితాల్లో మా ప్రాంతం ఎప్పుడూ సరిహద్దు నేలే. ఇక్కడి జనం మాత్రం ఆ సరిహద్దును ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. మా చరిత్రలో చెప్పుకోదగినదంతా ఆ గీత దాటిన రాకపోకల్లోనే ఉంది.

ముందు ఊరికే హద్దులు చెబుతాను. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద ఉంటుంది హుజూర్‌నగర్. తూర్పున కోదాడ, పడమర నేరేడుచర్ల, ఉత్తరాన గరిడేపల్లి, ఆపైన సూర్యాపేట. దక్షిణాన మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, ఆ తర్వాత కృష్ణ. 2016 అక్టోబరు 11 దాకా నల్లగొండ జిల్లా, ఆనాటి నుంచి సూర్యాపేట జిల్లా. ఉత్తరానికి పోతే ఎర్రమట్టి, నల్ల గుండ్లు, కట్ట వేస్తే నీళ్లు నిలిచే చెరువులు. దక్షిణానికి దిగినకొద్దీ నేల మారిపోతుంది. పారతో గీకితే చాలు, పొరలు పొరలుగా నాపరాయి తగులుతుంది. ఏటి అవతల పల్నాడులోనూ అదే రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రెండు ఒడ్డులనూ కలిపి ఒకే పల్నాడు రాతి మడుగు కింద లెక్క కడతారు. రాయికి లేని హద్దు నదికి వచ్చిందంటే అది రాజ్యాలు పెట్టిందే.

18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో అవతలి ఒడ్డు కంపెనీ వాళ్ల చేతికి పోయింది. ఇవతల నిజాం. అప్పటి నుంచి 1948 దాకా కృష్ణ రెండు ప్రభుత్వాల నడుమ పారింది. ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్ రూపాయి. ఏడు హాలీ రూపాయలు పెడితే ఆరు కల్దార్ రూపాయలు. ఏరు దాటించే సరుకు మీద నిజాం సర్కారుకు సుంకం కట్టాలి. ఆ శాఖను కరోడ్‌గిరి అనేవాళ్లు, నాకాల దగ్గర వాళ్ల జవాన్లు నిలబడేవాళ్లు. అయినా రేవులు ఆగలేదు. పుట్టి మీద మనుషులు, బల్లకట్టు మీద ఎడ్లబండ్లు పోతూనే ఉండేవి. మా దగ్గర పండిన ఆముదాలు, జొన్నలు అటు, ఉప్పు, బట్ట ఇటు. ఇవతలి ఒడ్డున ఉన్న మట్టపల్లి మనిషికి తాలూకా కేంద్రం హుజూర్‌నగర్ కన్నా అవతలి ఒడ్డున ఉన్న తంగెడ దగ్గర. పిల్లనిచ్చినా తెచ్చుకున్నా ఏటికి అడ్డంగానే.

మట్టపల్లి గుడి కథ కూడా అట్లాగే ఉంటుంది. కృష్ణ ఒడ్డున గుహలో వెలసిన లక్ష్మీనరసింహస్వామి ఇవతల ఎవరికీ కనపడలేదట. అవతలి తంగెడలో ఉన్న అనుముల మాచిరెడ్డికి కలలో కనపడి చోటు చెప్పాడట. ఆరె చెట్టు మీద వాలిన గద్ద గుర్తు చూపిందని స్థలపురాణం. నేటికీ స్వామికి ఆరె పత్రాలతో పూజ చేస్తారు. పురాణం నిజమా కాదా అన్న చర్చ నాకక్కర్లేదు. ఇవతలి దేవుణ్ణి అవతలి మనిషి వెతికి తీసినట్టు కథ చెప్పుకున్న జనం ఏటిని ఎట్లా చూశారో దానితోనే తెలుస్తుంది. వైశాఖంలో కల్యాణం జరిగితే రెండు ఒడ్డుల జనమూ వస్తారు. ఒకప్పుడు బల్లకట్టు మీద వచ్చేవాళ్లు, ఇప్పుడు వంతెన మీద వస్తున్నారు.

తూర్పు హద్దు ఇంకా చిత్రమైనది. నిజాం రాజ్యం నడుమ మునగాల పరగణా అని ఒక ముక్క ఉండేది. చుట్టూ నిజాం నేల, మధ్యలో మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం. కోదాడ దగ్గర ఎడ్లబండి కట్టుకుని కొంతదూరం పోతే నిజాం రాజ్యం దాటి ఇంగ్లీషు ఇలాకాలో పడేవాళ్లు, మరికొంత దూరం పోతే మళ్లీ నిజాం రాజ్యం. 1959లో గానీ మునగాల నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఈ చిన్న ముక్క తెలంగాణకు చేసిన మేలు పెద్దది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టించారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైంది. చరిత్ర, సైన్సు తెలుగులో చదువుకోవచ్చని మనకు చూపింది ఆ మండలి పుస్తకాలే. అయితే ఆ రాజావారి రైతులు మాత్రం జమీందారీ వసూళ్లకు తాళలేక 1930లలో ఆయన మీదే తిరగబడ్డారు. ఈ రెండూ ఒకే రాజా హయాంలో జరిగాయి. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు నచ్చదు. భాషకు గ్రంథాలయం కట్టిన చేయీ, రైతు గింజలు కొలుచుకుపోయిన చేయీ ఒక్కటే.

ఇక్కడ నా వృత్తి సంగతి కొంత చెప్పాలి. మా నాయన రాసిన తొలి కాగితాలు ఉర్దూవి. కచేరీ భాష ఉర్దూ. మౌజే, పట్టా, ఖుష్కీ, తరీ, బంచరాయి, శివారు అన్నీ అందులోంచి వచ్చి మా నోళ్లలో స్థిరపడినవే. మెట్ట చెలకకు ఖుష్కీ, నీటి పొలానికి తరీ. రైతు తెలుగువాడు, కాగితం ఉర్దూది, మధ్యలో మున్షీ. మున్షీ చదివి చెప్పిందే రైతుకు తెలిసేది. వేలిముద్ర వేశాక ఆ కాగితంలో అమ్మకం రాశారో, అప్పు రాశారో, కౌలు రాశారో అతనికి తెలిసే దారి లేదు. మా నాయన ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివి వినిపించేవాడు, ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో. అందరూ అట్లా చదివి చెప్పలేదు. తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి, లెవీ, దేశ్‌ముఖుల దౌర్జన్యం కారణాలని పుస్తకాలు చెబుతాయి. అవన్నీ నిజమే. దానికి నేను ఇంకొకటి కలుపుతాను. తన భూమి కాగితాన్ని తాను చదువుకోలేని రైతు కోపం కూడా అందులో ఉంది. గ్రామాల్లో పోరాటపు సంఘం వచ్చినప్పుడు మొదట కాలబెట్టింది దొరల గడీల్లో ఉన్న అప్పు పత్రాలను. అది ఊరికే జరగలేదు.

1946 జులైలో జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక నిప్పు నల్లగొండ తాలూకాలన్నిటికీ పాకింది. హుజూర్‌నగర్ తాలూకాకు అక్కరకొచ్చింది సరిహద్దే. రజాకార్లు తరిమితే పోరాటంలో ఉన్నవాళ్లు మునగాల ఇలాకాలోకో, కృష్ణ దాటి అవతలికో పోయేవాళ్లు. సరిహద్దు పొడుగునా వాళ్ల క్యాంపులు. అదే రేవులు, అవే పుట్లు. ఉప్పు బస్తాలు దాటిన తోవలోనే మనుషులు దాటారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ఒక వైపు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది. నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా నడిచింది.

ఆ వెంటనే వచ్చిన మొదటి ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న సంగతి అందరికీ తెలుసు. హుజూర్‌నగర్ సంగతి అంతగా తెలియదు. 1952లో మా నియోజకవర్గంలో జరిగిన ఉపఎన్నికలో జనం హైదరాబాద్ శాసనసభకు పంపింది మఖ్దూం మొహియుద్దీన్‌ను. మెతుకుసీమ ఆందోలులో పుట్టినవాడు, హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. అంతకుముందే హైదరాబాదు నగరంలో శాలిబండ నుంచి నిలబడితే అక్కడ ఓడిపోయాడు. ఉర్దూ చదవడం రాని తెలుగు రైతులు ఆ ఉర్దూ కవిని గెలిపించారు. ఉర్దూ అంటే కచేరీ కాగితం, కరోడ్‌గిరి రసీదు అనుకున్న జనానికి మఖ్దూం ఆ భాషలోనే తమ పక్షాన మాట్లాడాడు. హుజూర్‌నగర్ తన చరిత్రలో చేసిన గొప్ప పని ఏదంటే నేను ఇదే చెబుతాను. ఆయన పేరు మా ఊళ్లో ఒక బడికో గ్రంథాలయానికో పెట్టుకోవాలని నా కోరిక.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1954–55లో ఏ భూమి ఎవరిదో రాసిన ఖాస్రా పహాణీ. మా వృత్తిలో ఖాస్రా అంటే వేదం. ఇప్పటికీ భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది ఖాస్రాలో ఎవరి పేరుందని. కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులన్న హక్కు పుట్టింది. కాగితం మీద మంచి హక్కు. నేల మీద అది దక్కినవాళ్లు కొందరే. మిగతా లావాదేవీలు తెల్లకాగితాల మీద నడిచాయి. స్టాంపు లేదు, రిజిస్ట్రీ లేదు, పెద్దమనుషుల సంతకాలు మాత్రం ఉంటాయి. దాన్నే సాదాబైనామా అంటాం. ఊళ్లో ఎవరి పెట్టె తెరిచినా ఒకటి దొరుకుతుంది.

నీళ్లు వచ్చినప్పటి మార్పు మాత్రం కాగితంలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. ఆ ప్రాజెక్టు కోసం ఊరూరా తిరిగినవాళ్లలో మా కింది ఒడ్డున ఉన్న ముక్త్యాల రాజా ముందుంటారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. జాన్‌పహాడ్ బ్రాంచి, ముక్త్యాల బ్రాంచి, వాటి నుంచి మేజర్లు, మైనర్లు, తూములు. దస్తావేజుల్లో ‘ఖుష్కీ’ పోయి ‘తరీ’ వచ్చింది. హద్దుల్లో కొత్త మాట చేరింది: కాలువ కట్ట.

దాంతోపాటు ఏటి అవతలి నుంచి రైతులు వచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చే రోజులవి. వాళ్లు సెంట్లలో లెక్క చెప్పేవాళ్లు, మేం గుంటల్లో. ఎకరానికి వాళ్లకు వంద సెంట్లు, మాకు నలభై గుంటలు. ఒకే బల్ల మీద కొనేవాడు సెంట్లు, అమ్మేవాడు గుంటలు అంటుంటే నాయన పక్కన కాగితం ముక్క మీద లెక్క గట్టి ఇద్దరికీ చూపించేవాడు. ఆ రైతులు వరి మడి కట్టడం, నారు పోయడం, ఎరువు వేయడం బాగా తెలిసినవాళ్లు. మా వాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. అమ్ముకున్నవాళ్లలో కొందరు తాము అమ్మిన పొలంలోనే కూలికి పోయారు. అది కూడా రాయాలి. కాలువ వస్తుందని ముందే తెలిసినవాడు కొన్నాడు, తెలియనివాడు అమ్మాడు. ఆ అమ్మకాల కాగితాలు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ధర రాసిన చోట అంకె పక్కన అక్షరాల్లోనూ రాస్తాం కదా, ఆ అక్షరాలు చదువుతుంటే నోరు పెగలదు.

మా ప్రాంతం మనుషుల పేర్లు చూస్తే ఇంకో చరిత్ర దొరుకుతుంది. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. సైదులు బాబా దర్గా అంటారు. ఏటా జనవరిలో ఉర్సు, గంధం ఊరేగింపు. పిల్లలు లేనివాళ్లు, పుట్టిన బిడ్డ నిలవనివాళ్లు మొక్కుకుంటారు. పక్కనే సఫాయి బావి. ఆ నీళ్లు తెచ్చుకుని దర్గాకు పోతారు. మొక్కు తీరితే కందూరు చేస్తారు. మేకను కోసి అక్కడే వండి, ఫాతెహా ఇప్పించి, వచ్చినవాళ్లకు పెడతారు. చేసేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. తండాల నుంచి లంబాడీలు ట్రాక్టర్ల మీద దిగుతారు. పుట్టిన బిడ్డకు బాబా పేరు. అందుకే మా దగ్గర సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి, సైదానాయక్ ఇంతమంది. ఒక దస్తావేజులో అమ్మేవాడు సైదులు, కొనేవాడు సైదులు, సాక్షి సైదులు అయిన రోజులున్నాయి. అప్పుడు తండ్రి పేరు, ఊరు, వయసు చాలా జాగ్రత్తగా రాయాలి. లేకపోతే ఎవరి భూమి ఎవరికి పోయిందో తేలదు. కులం వేరు, మతం వేరు, తాగే నీళ్ల బావులు కూడా వేరుగా ఉన్న కాలంలోనే పేరు మాత్రం ఒక్కటైంది. ఏ సర్కారూ చెప్పి పెట్టించింది కాదు. తల్లులు మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి.

రెండు ఒడ్డుల జనం కలిసే మరో చోటు మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి గుడి. లింగం ఏటేటా పెరుగుతోందని, దాని పైభాగాన ఉన్న గుంటలో నీళ్లు ఎన్నడూ ఎండవని జనం నమ్మకం. శివరాత్రికి ప్రభలు కట్టుకుని వస్తారు. ఎడ్ల బండలాగుడు పందేలకు అవతలి జిల్లాల నుంచి మేలు జాతి ఎడ్లు దిగుతాయి.

ఆ మేళ్లచెరువు నుంచి మఠంపల్లి దాకా ఒకప్పుడు ఎవరూ కొనకుండా వదిలేసిన భూములుండేవి. రాళ్ల చెలకలు. జొన్న చల్లితే చల్లినన్ని గింజలు కూడా రాని నేల. ఇళ్ల గోడలకు, అరుగులకు, పైకప్పులకు ఆ నాపరాళ్లే వాడుకునేవాళ్లు. 1980లలో ఆ రాయి కోసం సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మఠంపల్లిలో నాగార్జున సిమెంట్, సాగర్ సిమెంట్స్, ఆ తర్వాత మేళ్లచెరువులో మై హోమ్, ఇంకా మరికొన్ని. సున్నపురాయి కిందనే ఉంది, నీళ్లకు కృష్ణ పక్కనే ఉంది. జగ్గయ్యపేట వైపు నుంచి, విష్ణుపురం వైపు నుంచి రైలు పట్టాలు వచ్చి జాన్‌పహాడ్, మేళ్లచెరువులను తాకాయి. మా దగ్గర చాలా ఊళ్లకు రైలు చేరింది సిమెంటు బస్తాల కోసమే. హైదరాబాదులో లేచిన ఎన్నో భవనాల్లో మా రాతి పొడి ఉంది. పనులు దొరికాయి, దుమ్మూ దొరికింది. మామిడి ఆకుల మీద, మిరప చేల మీద తెల్లగా పరుచుకునే ఆ దుమ్ము గురించి మఠంపల్లి రైతును అడగండి, నా కన్నా బాగా చెబుతాడు.

ఇక మిగిలింది దక్షిణపు హద్దు. చింతలపాలెం, మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల ఏటి ఒడ్డు ఊళ్ల దస్తావేజుల్లో ‘దక్షిణం: కృష్ణానది’ అని రాసేవాళ్లం. 2004లో పనులు మొదలై 2013 డిసెంబరు 7న జాతికి అంకితమైన పులిచింతల ప్రాజెక్టు ఆ మాటను తుడిచేసింది. 45.77 టీఎంసీల నీళ్లు నిలిపే ఆ జలాశయం కింద రెండు ఒడ్డులవీ కలిపి 28 ఊళ్లు ముంపుకు వెళ్లాయి. మా వైపు నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు, కిష్టాపురం లాంటివి. నీళ్లు కృష్ణా డెల్టాకు. మట్టపల్లి గుడిని కాపాడటానికి కరకట్ట కట్టారు. ఊళ్లకు కట్ట కట్టలేదు, వాటిని లేపి వేరే చోట పెట్టారు. పరిహారం వచ్చింది. పిల్లర్ల మీద కొత్త ఇళ్లు లేచాయి. పరిహారపు జాబితాలో ఇల్లు, బావి, చెట్టు అన్నీ ఉంటాయి. ఏటి ఒడ్డు మెరక మీద వేసిన దోస పాదు, రేవు దగ్గర బట్టలుతుక్కునే బండ, పుట్టి వాడి జీవనం, అవతలి ఒడ్డున ఉన్న అత్తగారింటి దగ్గరితనం వీటికి గడి లేదు.

అవతలి ఒడ్డున అదే నీళ్ల కింద కొల్లూరు కూడా మునిగింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడి వజ్రాల గనుల్లో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు అక్కడే దొరికిందని చెబుతారు. ప్రపంచం మొత్తానికి తెలిసిన కొల్లూరు, పక్క మండలానికి కూడా సరిగా తెలియని నెమలిపురి ఒకే జలాశయం పాలయ్యాయి. కొల్లూరు గురించి పుస్తకాలు మిగిలాయి. నెమలిపురి గురించి రాసినవాళ్లు లేరు.

జలాశయం నిండాక చింతలపాలెం మండలంలో భూమి కదలడం మొదలైంది. 2020 జనవరి 26 తెల్లవారుజామున వెల్లటూరు దగ్గర 4.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చలిలో జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదకు వచ్చారు. హైదరాబాదు నుంచి ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు వచ్చి యంత్రాలు పెట్టారు. లేచి వచ్చి కట్టుకున్న ఇళ్ల గోడలకు మళ్లీ పగుళ్లు.

ఆ ఏడాదే నా వృత్తీ మారింది. 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రీ తహసీల్దారు ఆఫీసుకు పోయింది. కంప్యూటరులో సర్వే నంబరు కొడితే కాగితం వస్తుంది. పని తొందరగా అవుతుంది, దాన్ని నేను తప్పుపట్టను. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా ఇళ్ల స్థలాల వాళ్లు, పాత కాగితాలు చదివించుకునేవాళ్లు. ఈ రెండో రకం వాళ్లు రావడమే నాకు ఇష్టం. అమ్మమ్మ పెట్టెలోంచి, దూలం మీద గుడ్డమూట నుంచి తీసిన ఉర్దూ కాగితం విప్పి బల్ల మీద పరుస్తారు. మడతల దగ్గర చిరిగి ఉంటుంది. సిరా గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. కింద ఒక వేలిముద్ర, పక్కన మున్షీ రాసిన పేరు. హద్దుల్లో ఇప్పుడు లేని వాగు, నరికేసిన మర్రి, మునిగిపోయిన రేవు దొరుకుతాయి. మా ప్రాంతం చరిత్రకు ఇంతకన్నా నమ్మదగిన ఆధారం నాకు కనపడలేదు.

అందుకే హుజూర్‌నగర్, మఠంపల్లి, చింతలపాలెం, పాలకీడు ఊళ్లవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఉర్దూ దస్తావేజులు, సాదాబైనామాలు, పాత శిస్తు రసీదులు ఉంటే చెల్లని కాగితాలని పారేయకండి, పొయ్యిలో పెట్టకండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ముంపు ఊళ్లవాళ్లు మీ పొలాల పేర్లు, రేవు పేర్లు, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో, పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఒక నోటుబుక్కులో రాయించండి. ఉర్దూ చదివేవాళ్లు దొరక్కపోతే నా దగ్గరకు తీసుకురండి. మా నాయన చదివినట్టే రెండుసార్లు చదివి వినిపిస్తాను, డబ్బులు తీసుకోను.